ప్రోగ్రాం తన గురించి తానే పుస్తకం రాసుకుంటుందా?

 

పోయిన వేసవి సెలవుల్లో నేను హైదరాబాదు పోయి దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దమ్మ కూతురు గదిలో ఇరవై రోజులు ఉన్నాను. అక్క కూడా మనలాగే హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషే. డిగ్రీ అయినంక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంది. ఇప్పుడు ఎల్బీ నగర్ వైపు ఒక చిన్న ఆఫీసులో పని చేస్తోంది. వాళ్ళు వెబ్ అప్లికేషన్లు తయారు చేస్తారు. వెబ్ అప్లికేషన్ అంటే పెద్ద వింత ఏమీ కాదు. బ్రౌజరు తెరిచి వాడే ప్రోగ్రాం, అంతే. మన పరీక్షల రిజల్ట్ చూసేది, హాల్ టికెట్ తీసుకునేది, రైలు టికెట్ కొనేది అన్నీ అవే.

ఒకరోజు అక్క రాత్రి పది దాటినంక ఇంటికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది. "ఏమైందక్కా?" అని అడిగితే, "మేము చేసిన లెక్క వల్ల ఒక హాస్టల్లో ఇరవై మంది పిల్లలకి ఇయ్యాల అన్నం సరిపోలేదురా" అన్నది. నాకు గుండె జల్లుమంది. అన్నం తక్కువ పడితే ఎట్లుంటుందో మనకి ఒకరు చెప్పాలా! కంప్యూటర్ లెక్క తప్పడమేమిటి అని అడిగితే, "కంప్యూటర్ తప్పలేదు, దాని పక్కన రాసిన మాట తప్పింది" అన్నది. ఆ మాట నాకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

కామెంటు అంటే ఏమిటి?

ప్రోగ్రాం అంటే కంప్యూటర్‌కి మనం వరసగా రాసి ఇచ్చే ఆజ్ఞలు. దీన్నే కోడు అంటారు. రాసినవాడికి ఆ రోజు అన్నీ గుర్తుంటాయి. ఆరు నెలలు పోతే వాడికే గుర్తుండదు. వాడు ఉద్యోగం మారి వెళ్ళిపోతే, తర్వాత వచ్చినవాళ్ళకి ఆ కోడు చీకట్లో అడవే.

అడవిలో తేనెకో ఆకులకో పోయేవాళ్ళు ఏం చేస్తారు? తిరిగి వచ్చేప్పుడు తప్పిపోకుండా అక్కడక్కడ కొమ్మ విరిచి పెడతారు. వెనక వచ్చేవాళ్ళకి కూడా అదే గుర్తు. కోడు రాసేవాళ్ళు కూడా అట్లాంటి కొమ్మలే విరుస్తారు. కోడు మధ్యలో మామూలు భాషలో ఒక మాట రాసి పెడతారు: "ఈ భాగం ఫలానా పని చేస్తుంది, దీనికి ఫలానా అంకె ఇవ్వాలి" అని. దాన్నే కామెంటు అంటారు. కంప్యూటర్ ఆ మాటను చదివి ఆజ్ఞగా తీసుకోదు, దాటుకుని పోతుంది. అది కేవలం మనుషుల కోసం.

మరి పుస్తకం ఎందుకు?

పెద్ద ప్రోగ్రాంలో వందల ఫైళ్ళు ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అన్నీ తెరిచి చదవలేరు. అందుకని ఏ భాగం ఏం చేస్తుందో చెప్పే పుస్తకం ఒకటి కావాలి. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు.

పుస్తకాన్ని వేరే కూర్చుని రాయొచ్చు. కానీ అందులో ఒక చిక్కుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కనే జిరాక్స్ షాపులు ఉంటాయి. కోర్సు నోట్స్ అక్కడ కట్టలు కట్టి అమ్ముతారు. అక్క కొన్న నోట్స్ ఎవరో ఎన్నో ఏళ్ళ కింద రాసినవట. సాఫ్ట్‌వేర్ మారిపోయింది, నోట్స్ మాత్రం అవే. అందులో చెప్పిన బటన్ కోసం స్క్రీన్ మీద వెతికి వెతికి, చివరికి ఆ బటన్ తీసేసి చాన్నాళ్ళయిందని తెలిసిందట. వేరేగా రాసిన పుస్తకానికి జరిగేది ఇదే. కోడు ఒక చోట, పుస్తకం ఒక చోట. కోడు మార్చినవాడికి పుస్తకం గుర్తుకు రాదు.

దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పుస్తకం వేరే రాయొద్దు, కోడు పక్కన రాసిన కామెంట్లనే పోగు చేసి పుస్తకం కట్టే పనిని యంత్రానికే అప్పగించాలి.

మెట్రో స్తంభాల ఉదాహరణ

ఇది నాకు మెట్రో రైలు దగ్గర బాగా అర్థమైంది. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. ఎల్బీ నగర్‌లో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ వస్తాయి. రైలు పైన పోతుంది, రోడ్డు మధ్యలో స్తంభాలు ఉంటాయి. ప్రతి స్తంభం మీద దాని నెంబరు రాసి ఉంటుంది. దుకాణాల వాళ్ళు కూడా "ఫలానా పిల్లర్ ఎదురుగా" అని అడ్రసు రాసుకుంటారు.

ఇప్పుడు ఒక మనిషిని ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిపించి, "ప్రతి స్తంభం మీద ఉన్నది చూసి, దాని ఎదురుగా ఏముందో రాసుకుంటూ రా" అని చెప్పామనుకోండి. చివరికి అతని చేతిలో ఏముంటుంది? మొత్తం దారి పట్టిక. గుర్తు స్తంభం మీదే ఉంది కాబట్టి పట్టిక ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్తగా తయారవుతుంది. ఆ నడిచే మనిషే డాక్యుమెంటేషన్ యంత్రం. స్తంభం ఫంక్షన్. దాని మీది రాత కామెంటు.

యంత్రం చేసే ఐదు పనులు

1. ముందు కోడు ఫైళ్ళన్నీ తెరిచి చదువుతుంది.

2. తెలుగు వ్యాకరణంలో వాక్యాన్ని కర్త, కర్మ, క్రియ అని విడదీస్తాం కదా! అట్లాగే కోడును విడదీస్తుంది. ఇది ఫంక్షన్, ఇది దాని పేరు, ఇవి దానికి ఇవ్వాల్సిన విలువలు అని. (ఫంక్షన్ అంటే ఒక పని చేసిపెట్టే చిన్న కోడు ముక్క.)

3. ప్రతి ఫంక్షన్‌ని ఆనుకుని ఉన్న కామెంటును తీసి దానికి జత చేస్తుంది.

4. ఆ కామెంటులో కొన్ని గుర్తు మాటలు ఉంటాయి. "పారామ్" అంటే ఇవ్వాల్సిన విలువ. "రిటర్న్" అంటే తిరిగి వచ్చేది. వాటిని బట్టి ఏది ఏ గడిలో పడాలో తెలుసుకుంటుంది.

5. చివరికి మన హాల్ టికెట్ లాగా ముందే గీసి పెట్టిన ఖాళీ ఫారంలో అన్నీ నింపి వెబ్ పేజీలు తయారు చేస్తుంది. వెనక అక్షర క్రమంలో సూచిక కూడా పెడుతుంది. ఒక పేరు నొక్కితే ఆ పేజీకి పోయేట్టు లింకులు కలుపుతుంది.

కోడు మారినప్పుడల్లా ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, పుస్తకం మళ్ళీ కొత్తగా వస్తుంది.

మరి మామూలు కామెంటుకీ, పుస్తకంలోకి పోయే కామెంటుకీ తేడా ఎట్లా తెలుస్తుంది? జావా భాషలో మామూలు కామెంటు ఒక గీత, ఒక నక్షత్రంతో మొదలవుతుంది, ఇట్లా: /* . పుస్తకంలోకి పోవాల్సిన దానికి ఇంకో నక్షత్రం ఎక్కువ పెడతారు, ఇట్లా: /** . ఒక్క నక్షత్రం తేడా! పైథాన్ భాషలో అయితే ఫంక్షన్ మొదలవగానే మూడేసి కోట్ గుర్తుల మధ్య రాస్తారు. దాన్ని డాక్‌స్ట్రింగ్ అంటారు. నిజానికి ఇది మామూలు కామెంటు కంటే ఒక మెట్టు పైన. కామెంటును పైథాన్ వదిలేస్తుంది, డాక్‌స్ట్రింగును మాత్రం ప్రోగ్రాంతో పాటే దాచుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తుండగా "హెల్ప్" అని అడిగితే తీసి చూపిస్తుంది.

ఎవరు కనిపెట్టారు?

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో డొనాల్డ్ నూత్ అనే పెద్ద కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రోగ్రాంను మనుషులు చదివే వ్యాసం లాగా రాయాలని చెప్పి, 1984లో దాని మీద వ్యాసం ప్రచురించాడు. కోడు, వివరణ రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. అందులోంచి యంత్రం కంప్యూటర్‌కి కోడునూ, మనిషికి పుస్తకాన్నీ వేరు చేసి ఇస్తుంది.

తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ జావా భాషతో పాటే 1996లో జావాడాక్ అనే పనిముట్టును ఇచ్చింది. రెండు నక్షత్రాల పద్ధతి అందరికీ అలవాటైంది దాని వల్లే. 1997లో డాక్సిజన్ వచ్చింది. పైథాన్ వాళ్ళకి 2008లో స్ఫింక్స్ వచ్చింది.

వెబ్ అప్లికేషన్లకి ఇంకొక అవసరం కూడా ఉంది. వెబ్ అప్లికేషన్‌కి చాలా తలుపులు ఉంటాయి. హాజరు అడగడానికి ఒక తలుపు, బియ్యం లెక్క అడగడానికి ఒక తలుపు. ఒక్కొక్క తలుపుకి ఒక్కొక్క అడ్రసు. ఏ తలుపు దగ్గర ఏం ఇస్తే ఏం వస్తుందో ఫోన్ యాప్ తయారు చేసేవాళ్ళకి తెలియాలి. దీని కోసం 2011లో స్వాగర్ అనే పద్ధతి వచ్చింది. 2015లో దాన్ని అందరి ఉమ్మడి ప్రమాణంగా చేసి, ఆ తర్వాత ఓపెన్ఏపీఐ అని పేరు పెట్టారు. 2018లో వచ్చిన ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ సామగ్రిలో అయితే తలుపుల పుస్తకం దానంతట అదే వస్తుంది. ఆ పేజీలోనే ఒక బటన్ నొక్కి నిజంగా అడిగి చూడొచ్చు కూడా. అక్క వాళ్ళ ఆఫీసులో వాడేది ఇదే.

ఇంత మంచి ఏర్పాటు ఉంటే అన్నం ఎందుకు తక్కువ పడింది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఆ హాస్టల్ ప్రోగ్రాంలో బియ్యం లెక్క కట్టే ఫంక్షన్ ఒకటి ఉంది. దానికి పిల్లల సంఖ్య ఇస్తే ఒక పూటకి ఎన్ని కిలోల బియ్యం కావాలో చెబుతుంది. కోడును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మన పత్రిక కోసం తెలుగులో రాస్తున్నాను:

బియ్యం_లెక్క (పిల్లలు)
"""
ఒక పూటకి కావాల్సిన బియ్యం చెబుతుంది.
పారామ్ పిల్లలు: సెలవులో ఉన్నవాళ్ళని తీసేసి మిగిలిన సంఖ్య ఇవ్వాలి.
రిటర్న్: బియ్యం, కిలోల్లో.
"""

మొదట రాసినవాళ్ళు రాసింది సరిగ్గానే ఉంది. కొన్నాళ్ళకి ఇంకొకరు వచ్చి, "ప్రతిసారీ సెలవు లెక్క తీసేసి ఇవ్వడం ఎందుకు, ఫంక్షనే సెలవుల రిజిస్టరు చూసుకుని తీసేసుకుంటే మంచిది కదా" అని కోడు మార్చారు. మంచి ఆలోచనే. కానీ పైన రాసిన మాట మార్చలేదు. తర్వాత వాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు.

అక్క కొత్త పేజీ తయారు చేస్తూ డాక్యుమెంటేషన్ తెరిచింది. చక్కగా గడులు గీసి, రంగులు వేసి, "సెలవులో ఉన్నవాళ్ళని తీసేసి ఇవ్వాలి" అని ఉంది. అట్లాగే తీసేసి ఇచ్చింది. ఫంక్షన్ మళ్ళీ ఇంకోసారి తీసేసింది.

లెక్క వేసి చూడండి. హాస్టల్లో మొత్తం 120 మంది. సెలవులో 20 మంది. ఉన్నది 100 మంది. ఒకరికి పూటకి 150 గ్రాములు అనుకుంటే 15 కిలోలు కావాలి. కానీ రెండుసార్లు తీసేసరికి 80 మందికే లెక్క వచ్చింది. అంటే 12 కిలోలు. మూడు కిలోలు తక్కువ. సరిగ్గా ఇరవై మంది అన్నం.

యంత్రం ఎందుకు పట్టుకోలేదు? ఎందుకంటే అది కామెంటును అర్థం చేసుకోదు, తీసి అతికిస్తుంది. అంతే. ఫంక్షన్‌కి కొత్త విలువ ఏదైనా చేర్చి దాని గురించి కామెంటులో రాయకపోతే కొన్ని పనిముట్లు హెచ్చరిస్తాయి. జావాలో 2014 నుంచి అట్లాంటి తనిఖీ ఉంది. కానీ ఇక్కడ పైకి ఏమీ మారలేదు. అదే పేరు, అదే ఒక్క విలువ. మారిందంతా లోపల. అబద్ధమైన మాటను కూడా యంత్రం అంతే అందంగా అచ్చు వేసింది. అచ్చులో ఉంది కదా అని అక్క నమ్మింది.

ఇట్లాంటిది నేను రోడ్డు మీద కూడా చూశాను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మధ్య కొత్తపేటలో పెద్ద పండ్ల మార్కెట్ ఉండేది. 2021–22 ప్రాంతంలో దాన్ని ఊరి బయట బాటసింగారానికి తరలించారు. కానీ నాకు దారి చెప్పిన ఒక పెద్దాయన "పండ్ల మార్కెట్ కాడ దిగు బిడ్డా" అన్నాడు. నేను దిగి మామిడి పండ్ల కోసం చూస్తున్నా! పండ్లు పోయినయ్, పేరు మిగిలింది. ఆ పెద్దాయన అబద్ధం ఆడలేదు. ఆయన మాట పాతబడింది, అంతే. విరిచిన కొమ్మ అట్లాగే ఉంది, దారి మాత్రం వాగు కోసుకుపోయింది.

మరి మందు ఏమిటి?

అక్క చెప్పిన మందులు మూడు.

మొదటిది: కామెంటులో మాటతో పాటు ఒక ఉదాహరణ కూడా రాయాలి. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే పనిముట్టు ఉంది. అది 2001 నుంచి పైథాన్‌తో పాటే వస్తోంది. డాక్‌స్ట్రింగులో మనం రాసిన ఉదాహరణను అది నిజంగా నడిపి చూస్తుంది. రాసిన జవాబు, వచ్చిన జవాబు ఒకటి కాకపోతే "తప్పు" అని చూపిస్తుంది. అక్క వాళ్ళు ఆ ఫంక్షన్‌ని ఇట్లా మార్చారు:

బియ్యం_లెక్క (మొత్తం, సెలవు)
"""
మొత్తం పిల్లల్లోంచి సెలవులో ఉన్నవాళ్ళని ఈ ఫంక్షనే తీసేస్తుంది.
మీరు తీసేసి ఇవ్వొద్దు.
>>> బియ్యం_లెక్క (120, 20)
15.0
"""

చూశారా? ఇప్పుడు సెలవు సంఖ్య లోపల దాక్కుని లేదు, బయటికే కనిపిస్తోంది. రేపు ఎవరైనా లోపల లెక్క మార్చి 12 వచ్చేట్టు చేస్తే, డాక్‌టెస్ట్ నడపగానే బయటపడుతుంది. వివరణ వాక్యం తప్పో ఒప్పో యంత్రానికి తెలియదు. ఉదాహరణ తప్పితే మాత్రం తెలుస్తుంది.

రెండోది: ఒకరు మార్చిన కోడును ఇంకొకరు చూసినంకనే కలపాలి. చూసేవాళ్ళు "కోడు మారింది, పైన మాట మారిందా?" అని అడగాలి.

మూడోది: "ఏం చేస్తుంది" అని మాత్రమే కాదు, "ఎందుకు ఇట్లా చేశాం" అని కూడా రాయాలి. ఏం చేస్తుందో కోడు చదివితే ఎట్లాగో తెలుస్తుంది. ఎందుకు చేశారో రాసినవాడు చెప్తే తప్ప తెలియదు. వాడు పోతే అది కూడా వాడితోనే పోతుంది.

కామెంటు ఏ భాషలో రాయాలి?

ఇది నేను అడిగిన ప్రశ్న. ఇంగ్లీషులోనే రాయాలని రూలేమీ లేదట. యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగు ఉంది. కాబట్టి కామెంటు తెలుగులో రాయొచ్చు, పుస్తకం తెలుగులో వస్తుంది. అంతే కాదు. మన ఆదిలాబాద్ వైపు గుంజాల ఊరిలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు ఇచ్చారు. అంటే గోండిలో కూడా రాయొచ్చన్నమాట. అయితే తర్వాత వచ్చేవాళ్ళకి తెలిసిన భాషలో రాయడం మర్యాద. అందుకే పెద్ద ఆఫీసుల్లో ఎక్కువగా ఇంగ్లీషులో రాస్తారు. మన హాస్టల్ కోసం మనమే చేసుకునే ప్రోగ్రాం అయితే మన భాషలోనే రాసుకోవడం మంచిది.

మనకి దీంతో ఏం పని?

మన హాస్టల్లో కంప్యూటర్ ప్రోగ్రాం లేకపోవచ్చు, రిజిస్టర్లు ఉన్నాయి. స్టోర్ రిజిస్టరు, హాజరు పట్టిక, సెలవు చీటీలు. అందులో "హాజరు" అని రాసిన అంకె సెలవు వాళ్ళని తీసేసిందా, తీయనిదా? పోయిన నెల మెస్ లీడరుకి తెలుసు. ఈ నెల లీడరుకి తెలుసా? వచ్చే నెల వాళ్ళకి? నాది చిన్న నోరు, పెద్ద మాట అనుకోవద్దు. వార్డెన్ సార్ ఒప్పుకుంటే స్టోర్ రిజిస్టరు మొదటి పేజీలో నాలుగు వరసలు రాసి పెడదాం: ఏ గడిలో ఏ అంకె వేయాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది, ఒక ఉదాహరణ లెక్క, చివరిసారి ఎవరు ఎప్పుడు మార్చారు. లెక్క పద్ధతి మార్చినవాళ్ళు ఆ పేజీ కూడా మార్చాలి.

అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి ముందు హాస్టల్ వాళ్ళకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంది. తర్వాత ఆఫీసుకి పోయి కోడు సరిచేసింది. ఆ డాక్‌స్ట్రింగులో చివరన ఒక వరస ఎందుకు జరిగిందో కూడా రాసిందట. నేను ఏం రాశావని అడిగితే చెప్పింది: "రెండుసార్లు తీసేస్తే ఇరవై మంది ఆకలితో పడుకుంటారు. ఇది మార్చేముందు పైన ఉదాహరణ నడిపి చూడండి."

ఆ వరస కూడా ఇప్పుడు వాళ్ళ పుస్తకంలో అచ్చవుతుంది.

మీ కోసం రెండు పనులు

1. హాస్టల్లో మొత్తం 240 మంది, 35 మంది సెలవు. పూటకి ఒకరికి 150 గ్రాములు. ఎన్ని కిలోలు కావాలి? పొరపాటున సెలవును రెండుసార్లు తీసేస్తే ఎన్ని కిలోలు తక్కువ పడతాయి? (జవాబులు వచ్చే సంచికలో.)

2. మన బడిలో పాతబడిన బోర్డు, పాతబడిన నోటీసు, పేరు మిగిలి వస్తువు పోయిన చోటు ఏదైనా ఉంటే కనిపెట్టి, ఈ పత్రిక కింద ఖాళీ జాగాలో రాయండి. రాసినవాళ్ళు తేదీ వేయడం మరవొద్దు!